గుమ్మాన్ని తాకిన చెయ్యి

మా ఖాతూన్ అత్తకి తొంభై దగ్గర పడుతున్నా నోరు మాత్రం ముసలిది కాలేదు. బస్రా వదిలి వచ్చిన మా యూదుల జ్ఞాపకాలు రికార్డు చేస్తామంటూ ఒక అమ్మాయి రమత్ గన్‌లోని మా ఇంటికొస్తే, ఉన్న ఒక్క మంచి కుర్చీ అత్తే ఆక్రమించింది. అమ్మ మూలన కూర్చుని టీ గ్లాసులు తుడుస్తోంది.

“రాసుకో అమ్మాయ్. ఇదిగో, ఈ మసూదా చెయ్యే నా మేనల్లుణ్ణి మింగేసింది,” అంది అత్త, ఖర్జూరం నములుతూ అమ్మని చూపించి.

నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో, చావుల్లో, పండగ భోజనాల దగ్గర ఇదే పాట. అమ్మ ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. నిజం తెలిసిన నేనూ చెప్పలేదు. ఆ పాట ఎత్తుకున్న ప్రతిసారీ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

కొత్తగా పుట్టిన యూదుల దేశానికీ అరబ్బులకీ మధ్య యుద్ధం ఆగిన ఏడాది అది. నాకు తొమ్మిదేళ్ళు. నాన్న అప్పటికే లేడు. అన్న షఫీక్ పేరు పోలీసులు పట్టుకెళ్ళే యూదు కుర్రాళ్ళ జాబితాలోకి ఎక్కిందని తెలిసింది. నది దాటించి ఇరాన్ ఒడ్డున దింపుతానని పడవవాడు అబూ జాసిం ఒప్పుకున్నాడు. అవతలి ఒడ్డున ముహమ్మరాలో పెళ్ళికి వెళ్తున్న ముస్లిం కుటుంబంలా అమ్మకి, అత్తకి, అన్నకి, నాకు వేషాలు వేయించాడు.

“నోళ్ళు తెరవకండి. మీ యాస వింటే ఏ వీధి వాళ్ళో ఇట్టే తెలిసిపోద్ది,” అన్నాడు.

నోటి సంగతి చెప్పాడు గానీ, చేతి సంగతి అతనికేం తెలుసు? మా ఇళ్ళల్లో గుమ్మానికి కుడిపక్క చిన్న గొట్టంలో దేవుడి మాట రాసిన తోలుచీటీ ఉంటుంది. గడప దాటినప్పుడల్లా దాన్ని తాకి, ఆ వేళ్ళు ముద్దు పెట్టుకుంటాం. నడక నేర్చినప్పుడే మాకు ఆ అలవాటూ వచ్చేస్తుంది.

ఒడ్డున పోలీసు గదిలోంచి వెళ్తేనే పడవ. అందరికంటే ముందు నేను. గుమ్మం దాటుతుంటే నా చెయ్యి దానంతటదే లేచింది. అక్కడేమీ లేదు, వట్టి చెక్క. తాకి, వేళ్ళు పెదాలకి ఆనించుకున్నాను. బల్ల దగ్గరున్న పోలీసు తలెత్తి నన్నే చూశాడు. నా వెనకే అమ్మ వచ్చింది. ఆమె చెయ్యీ లేచింది. ఆమె వెనకున్న అత్తకి కనిపించింది ఆ చెయ్యే.

“పెళ్ళివారా? ఏ మతం పెళ్ళో?” అని పోలీసు నవ్వాడు. అబూ జాసిం ఒట్ల మీద ఒట్లు పెట్టాడు. చివరికి ఆ పోలీసు ఆడవాళ్ళని పొమ్మని, షఫీక్ చొక్కా పట్టుకుని ఆపేశాడు. అన్న మావైపు చూడనైనా లేదు. చూస్తే మమ్మల్నీ ఆపుతారని భయం. జైలు నుంచి ఒక్క ఉత్తరం వచ్చింది. తర్వాత ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు.

“ఇది గనక చెయ్యి అదుపులో పెట్టుకునుంటే...” అత్త ఇంకా చెబుతూనే ఉంది.

“చాలత్తా! ముందు గుమ్మం తాకింది నేను. ఆ పోలీసు తలెత్తింది నన్ను చూసి,” అన్నాను. చెప్పేస్తే మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు.

అమ్మ గ్లాసు కింద పెట్టింది.

“ఆ మిషన్ కట్టెయ్యమ్మా,” అంది ఆ అమ్మాయితో. తర్వాత అత్తవైపు తిరిగింది. “ఇది చెప్పింది నిజమే వదినా. వాడు ఈ పిల్లనే గుచ్చి గుచ్చి చూస్తున్నాడు. చూపు నా మీదికి మళ్ళాలని కావాలనే నేనూ గుమ్మం మీద చెయ్యి పెట్టా. తెలివో, తెలివితక్కువో, ఆ దేవుడికే తెలియాలి.”

“మరి ఇన్నేళ్ళూ నా చేత అన్ని మాటలు పడ్డావెందుకే?” అత్త గొంతు పూర్తిగా దిగిపోయింది.

“నేను కాకపోతే తొమ్మిదేళ్ళ పిల్ల పడాలా?”

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. “నీకు గుర్తులేదనుకున్నానే. వాణ్ణి కాపాడుకోలేకపోయినా, నిన్నయినా కాపాడానని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నా. అదీ లేదన్నమాట, ఈ బరువు నువ్వూ మోస్తూనే ఉన్నావు.”

అన్నని పట్టుకున్న నాడు కూడా కన్నీరు పెట్టని అమ్మ మా ముందే వెక్కి వెక్కి ఏడ్చింది.