పెరుమాళ్ళున్న సంచి

కార్తికమాసము సగము గడచినది. ఉదయమునకును సాయంకాలమునకును భేదమెఱుగనీయని ధూమ్రవర్ణమేఘములు తూర్పు సముద్రముపై గుంపులు గట్టి నీటికిని నింగికిని నడుమనున్న హద్దును చెఱిపివేయుచుండ, ఎడతెగని తేమగాలికి మొగలిపొదలన్నియు పడమటివైపునకే తలలు వంచుకొనియుండ, వలలు చుట్టబెట్టిన పల్లెకారులు తమ పడవలను ఇసుకదిబ్బలమీదికి లాగికొనుచుండ, ఉప్పుటేటికిని సముద్రమునకును నడుమ నిలిచిన మొగలిదిన్నె యను గ్రామము ప్రతిసంవత్సరమువలెనే ఆ సంవత్సరమును ఆకాశమువంక చూచి నిట్టూర్చెను. కార్తికము దీపముల మాసమని పంచాంగము చెప్పునుగాక, ఆ తీరమువారికి మాత్రమది గుండె చేతబట్టుకొని కూర్చుండు మాసము.

ఆ గ్రామమున సింగరాచార్యులను వైష్ణవ బ్రాహ్మణుడొకడు కాపురముండెను. ఆయన ప్రతిదినము పట్టణమునకు పోయి పాఠశాలలో తెలుగు చెప్పి వచ్చుచుండును. తల్లి తాయారమ్మ, భార్య వేదవల్లి, అయిదేండ్ల కూతురు గోద, ఇదియే ఆయన కుటుంబము. గోద తల్లివలన పెద్దకన్నులను తండ్రివలన తెంపులేని ప్రశ్నలను సంపాదించుకొని, ఎవ్వరివలన వచ్చినదో తెలియరాని ఉబ్బసమును గూడ వెంటబెట్టుకొని పుట్టినది. చల్లగాలి సోకినంతనే ఆ చిన్నియెదలో పిల్లనగ్రోవి మ్రోగ మొదలిడును. పట్టణపు వైద్యుడిచ్చిన తెల్లని బిళ్ళ యొక్కటి కడుపులో పడినగాని ఆ మ్రోత ఆగదు.

రెండేండ్ల క్రిందటి గాలివానలో ఆ కుటుంబమంతయు కట్టుబట్టలతో సత్రపు మేడమీదికి పరుగెత్తెను. బిళ్ళల సీసా ఇంటిలోనే నిలిచిపోయెను. తన యొడిలో బిడ్డపెదవులు నేరేడుపండు రంగునకు దిగుచుండ వేదవల్లి తెల్లవారువరకు ఏమియు చేయలేక చూచుచు కూర్చుండెను. దైవికముగ గాలి తెఱపియిచ్చుటచే గోద బ్రదికినది. వేదవల్లి మాత్రమా పెదవుల రంగును మఱువలేదు. ఇక నెన్నడును వట్టిచేతులతో ఇల్లు వెడలనని ఆమె ఆనాడే నిశ్చయించుకొనెను.

ఆమె పోరు పడలేక సింగరాచార్యులు ఆపత్కాలమునకు దగిన సంచి నొకదానిని ఎంచుటకు పూనుకొనెను. ఆయన పండితుడగుటచే ఏ పనియైనను పూర్వపక్షసిద్ధాంతములు లేక సాగదు. మొదట గోనెసంచి వచ్చెను. అది చినుకు పడకమునుపే చెమ్మగిల్లు రకమని త్రోసివేయబడెను. పిమ్మట రేకుపెట్టె వచ్చెను. దానిని మోయువాడు ముందు తాను మునిగిపోవునని తేలెను. తరువాత నొక తోలుసంచి గడప వఱకు వచ్చి తాయారమ్మను చూచి అచ్చటనే ఆగిపోయెను.

"తోలా? ఈ ఇంట్లోకా? అది లోపలికొస్తే నేను బయటికి పోతానురా నాయనా" అని ఆమె పలికినంతనే దానికి తిరుగు ప్రయాణమయ్యెను.

ఇంతలో వేదవల్లి మెల్లగా నోరువిప్పెను. "ఏమండీ, చేతిసంచీ ఏదీ పనికిరాదు. ఒక చేత్తో పిల్లని ఎత్తుకోవాలి. రెండో చేత్తో తాడో గోడో పట్టుకోవాలి. ఇక సంచి ఎక్కడ పట్టుకోనూ? వీపుకు తగిలించుకునేది చూడండి."

పండితులవారి తర్కమంతయు ఆ యొక్కమాటతో ముగిసినది. మఱునాడు ఆయన రబ్బరుపూత గుడ్డతో కుట్టినదియు రెండుభుజములకును పట్టీలు గలదియు సైనికులు మోయునట్టిదియునగు సంచిని పట్టణమునుండి తెచ్చెను. దానిలో తవుడు నింపి మూతిబిగించి రాయికట్టి కాలువలో ముంచి యుంచి, బయటికి తీసి అరుగుమీద కుమ్మరించి, పొడిపొడిగా రాలిన తవుడును వీధివారికందఱికి చూపి ఉబ్బిపోయెను. అటుపిమ్మట వేదవల్లి దానిలో అటుకులును బెల్లమును అగ్గిపెట్టెయు మంచినీళ్ళ సీసాయు పిల్లకొక ఉన్నిచొక్కాయు సర్ది అన్నిటికిని పైన చేయిపెట్టినంతనే తగులునట్లు బిళ్ళలసీసా నుంచెను. వీథివాకిటి ప్రక్క మేకునకు దానిని తగిలించి కన్నులు మూసికొని తడిమి తీసి భుజములకెక్కించుకొని చంకలో బిడ్డనెత్తుకొని పెరడంతయు పరుగెత్తి చూచెను. అమ్మ గుఱ్ఱమైనదని గోద చప్పట్లు చఱచెను. ఆ రాత్రి వేదవల్లికి రెండేండ్ల పిమ్మట నిండుగా నిద్రపట్టెను.

అంతటితో నాగియుండిన ఈ కథ చెప్పవలసిన పనియే యుండదు.

కార్తికము ప్రవేశించిన దినమున తాయారమ్మ ఆ సంచి ముందు నిలువబడి కొడుకును పిలిచెను. "మీ ప్రాణాలకు సంచి ఏర్పాటు చేసుకున్నారు, బాగానే ఉంది. మఱి మన పెరుమాళ్ళ సంగతేమిట్రా? తాతలనాటి సాలగ్రామం. నీళ్ళొస్తే ఆయన్నొదిలేసి మనం పోతామా?"

సింగరాచార్యులకు తల్లికెదురాడు అలవాటులేదు. నాటినుండి ప్రతిదినము ఉదయము ఆరాధనము ముగిసినపిమ్మట సాలగ్రామము వెండిభరిణెతో ఆ సంచిలోనికి పోవుచుండెను. పెరుమాళ్ళున్న సంచి వీథివాకిట వ్రేలాడరాదు గనుక అది పూజగదిలోని మేకునకు మాఱెను. పూజగదిలోనికి మాఱినది గనుక స్నానముచేసి మడికట్టుకొన్నవారుదక్క మఱెవ్వరును దానిని ముట్టరాదయ్యెను. ఇన్ని పరీక్షలకు నిలిచిన సంచికి ఈ యొక్క పరీక్ష పెట్టవలెనని మాత్రము ఎవ్వరికిని తోచలేదు.

వేదవల్లికి మాత్రము తోచెను. ఆమె భర్తతో నొంటిగా "నెలలో నేను దూరంగా ఉండే రోజుల్లో నీళ్ళొస్తే ఎలాగండీ? కనీసం బిళ్ళలైనా తీసి విడిగా పెడదాం" అనెను.

ఆయన నవ్వి "పిచ్చిదానా! బల్లమీద వేరే సీసా ఉందిగా. అయినా తుపానొస్తే మడి ఎవరు చూస్తారు?" అనెను.

ఆమెకును నవ్వు వచ్చెను. నిజమే కదా, ఎవరు చూచెదరు? అని ఆమె తన పనిలో తాను పడిపోయెను.

ఆ నెల మంచు మిక్కుటమగుటచే గోదకు మాటిమాటికి ఉబ్బసము తిరుగబెట్టి బల్లమీది సీసా ఖాళీయయ్యెను. మఱునాడుదయము సింగరాచార్యులు పట్టణమునకు పోవుచు "సంచిలోవి కదపకండి. సాయంత్రానికి కొత్త సీసా తెస్తాను" అని చెప్పి వెడలెను. ఆ దినమే వేదవల్లి దూరముండవలసి వచ్చి ఒక చాపయు చెంబును తీసికొని పెరటి వసారాలో చేరినది.

మధ్యాహ్న భోజనమై తాయారమ్మ నడుము వాల్చినవేళకు గాలి తిరిగినది. తూర్పునుండి వీచుచున్నది ఈశాన్యమునకు మాఱి ఇంటి వెన్నుగాడిని పట్టి ఊపసాగెను. తాటితోపున చెట్లు నడిమికి విఱుగుచుండిన చప్పుళ్ళు ఎడతెఱపిలేక వినవచ్చెను. అంతలో పల్లెకారి నాంచారయ్య వీథివెంట పరుగెత్తుచు వాకిళ్ళు బాదుచు కేకలు వేసెను. "అమ్మగారో! ఉప్పెనొస్తంది! ఏరు ఎనక్కి తిరిగింది! సత్రం మేడకాడికి నడండమ్మా, బేగి నడండి!"

వేదవల్లి వసారానుండి ఒక్క పరుగున పూజగది గడపయొద్దకు వచ్చెను. సంచి మేకునకు వ్రేలాడుచుండెను. ఎన్నిసార్లు కన్నులు మూసికొని తీసిన సంచి! ఎడమభుజపు పట్టీ ఏదియో కుడిభుజపు పట్టీ ఏదియో ఆమె చేతులకు తెలియును. ఆమె గడపదాటక నిలువబడియే చేయిచాచెను. వ్రేళ్ళకు పట్టీ అందునంత దూరములోనే యుండెను.

"ముట్టకు! ముట్టకే తల్లీ, పెరుమాళ్ళున్నారందులో!" అని వెనుకనుండి తాయారమ్మ కేకవేసెను. "నాకూ మడిలేదు, పడుకుని లేచాను. రెండు చెంబులు పోసుకుని తడిబట్టతో నేను తెస్తాను. నువ్వు పిల్లనెత్తుకుని పద. దానికి తరవాత తలకు పోయొచ్చు."

బిడ్డకు స్నానము చేయింపవచ్చును. ముట్టుతగిలిన పెరుమాళ్ళ నేమిచేయవలెనో తాయారమ్మ యెఱుగదు. ఆ యిల్లాలి శాస్త్రమంతయు ఇంతియే. ఆమె దుష్టురాలు కాదు. మనుమరాలన్న ఆమెకు ప్రాణము.

వేదవల్లి చేయి వెనుకకు వచ్చెను. ఆమె దానిని వెనుకకు తీయలేదు, అదియే వచ్చెను. కాపురమునకు వచ్చిననాటినుండి ఆ గడపయొద్ద ఆగుట నేర్చిన చేయి అది. ఆమె గోదను చంకనెత్తుకొని వీథిలోనికి ఉఱికెను. తాయారమ్మ నూతిగట్టునకు పరుగెత్తెను.

ఆ ప్రళయమారుతమున ఒక ముసలియామె చేదవేసి నీళ్ళుతోడి తలపై కుమ్మరించుకొనుచుండుట చూచి నాంచారయ్య నిర్ఘాంతపోయెను. అప్పటికే ఉప్పునీరు పెరటిలో మోకాలిబంటి నిలిచినది. ఆతడొక్కయంగలో వచ్చి ఆమెను రెక్కపట్టుకొని లాగెను.

"అయ్యో, నన్ను ముట్టుకున్నావురా! మళ్ళీ పోసుకోవాలి, వదలరా!"

"పోసుకునేదేటమ్మా, ఆ యెనకాల సముద్రమే వచ్చి పోస్తంది!" అని ఆతడు ఆమెను భుజమునవేసికొని సత్రమునకు చేర్చెను.

సత్రపు మేడమీద ఎవ్వరి మడి యెవ్వరికిని మిగులలేదు. ఊరివారందఱు ఒకరినొకరు ఒరసికొని కూర్చుండి వణకుచుండిరి. తడిసిన గోదయెదలో పిల్లనగ్రోవి మొదలయ్యెను. వేదవల్లి అత్తగారి చేతులవంక చూచెను. అవి వట్టిచేతులు. తాయారమ్మ బిడ్డ వీపు రాచెను, పాదములు రాచెను, తన చీరకొంగు పిండి కప్పెను, మ్రొక్కరాని దేవతలకెల్ల మ్రొక్కెను. "అమ్మా, గుఱ్ఱం సంచి ఏదీ?" అని గోద ఒక్కసారి అడిగెను. ఆ ప్రశ్నల బిడ్డ అడిగిన కడపటి ప్రశ్న అదియే. ఆమె పెదవులు మెల్లమెల్లగా ఆ నేరేడుపండు రంగునకు దిగెను. ఈసారి గాలి తెఱపియీయలేదు.

నీరు తీసినపిమ్మట సింగరాచార్యులు తెగినగట్లవెంట బురదలో నడచి వచ్చెను. మొలలో క్రొత్తసీసా భద్రముగనుండెను. ఇసుకమెరకను బిడ్డను పూడ్చివచ్చి స్నానముచేసి తడిబట్టతో ఆయన యింటిముందు నిలువబడెను. వంటిల్లు కూలిపోయినది. పెరటివసారా ఆనవాలు లేదు. పూజగది గోడలు మాత్రము నిలిచియున్నవి. గోడపై నీటిమరక యెగువనుండ దాని దిగువ మేకునకు సంచి యెప్పటివలెనే వ్రేలాడుచుండెను. ఒకపగలు ఒకరేయి అది సముద్రములో మునిగి తేలినది.

తాయారమ్మ మడితో దానిని దించి వాకిట కూర్చుండి మూతివిప్పెను. ఊరివారు మూగిరి. అటుకులు గలగలలాడెను. అగ్గిపుల్ల గీచినంతనే వెలుగునట్లుండెను. ఉన్నిచొక్కా పెట్టినమడత పెట్టినట్లే యుండెను. భరిణెలో సాలగ్రామము ఆనాటి తులసిదళముతో చెక్కుచెదరక యుండెను.

"ఏం మహిమండీ!" అని ఒకరు చేతులు జోడించిరి. "పెరుమాళ్ళు ఆ సంచిని కాపాడారు చూశారా!" అని మఱియొకరు. "ఎంత చక్కటి సంచి ఎంచారండీ ఆచార్లుగారూ, బొట్టు నీరు దిగలేదు" అని వేఱొకరు. లోకమున శ్లాఘనమునకు సమయాసమయములు లేవు. నాంచారయ్య మాత్రము తలపాగ విప్పి చేతబట్టుకొని నేలచూపులు చూచుచు నిలువబడెను.

అపుడు వేదవల్లి జనమును దాటికొని వచ్చెను. ఆమె దూరపుదినము లింకను తీరలేదు. వచ్చి మోకరిల్లి అందఱు చూచుచుండ ఆ సంచిలో చేయిపెట్టెను. తాయారమ్మ అలవాటుచొప్పున నోరు తెఱచి అంతలోనే ముఖము కొంగున కప్పుకొనెను. బిళ్ళలసీసా అన్నిటికిని పైననే యున్నది, చేయిపెట్టినంతనే తగిలెను. వేదవల్లి దానిని తీసి చెవియొద్ద నాడించెను. లోపల బిళ్ళలు పొడిగా మ్రోగెను.

ఆమె లేచి దానిని భర్తచేతికీయ చేయిచాచెను. తడిబట్టతోనున్న సింగరాచార్యులు, ఆ మాట పలికి నవ్విన ఆ మహాపండితుడే, తనకు తెలియకుండ ఒక్కయడుగు వెనుకకు వేసెను. వేసినపిదప తన పాదమువంక తానే చూచుకొనెను.

వేదవల్లి యాయనను నిందింపలేదు. తన కుడిచేతిని ఇటునటు త్రిప్పి ఎవ్వరిదో పరాయిదానినివలె చూచుకొనెను.

"తుపానొస్తే మడి ఎవరు చూస్తారన్నారుగా" అనెను. "నేను చూశానండీ."

సాలగ్రామము మరల పూజాపీఠమునకు చేరి యథాపూర్వముగ ఆరాధనలందుకొనుచున్నది. ఆ సంచి మాత్రము ప్రతికార్తికమును వీథివాకిట పాతమేకునకే వ్రేలాడుచుండును. ఇపుడు దాని నెవ్వరైనను ముట్టవచ్చును. దానిని భుజములకెక్కించుకొని పరుగెత్తవలసిన పని మాత్రము ఆ యింట నెవ్వరికిని లేదు.