గోడ మీది వెలుగు

పాటలో దరువు పడ్డప్పుడల్లా ఆ కారు లైట్లు మసకబారేవి. దరువు ఆగితే మళ్ళీ తేరుకునేవి. వాహనాలకు కరెంటు పని చేసే షెడ్డు తండ్రిది, కారు కొడుకుది. అందుకే తండ్రికి అది తలవంపులుగా ఉండేది. పక్కనే టైర్లు మార్చే పెద్దాయన ఊరికే ఉండేవాడు కాదు. "ఊళ్ళో బండ్లన్నీ నీ దగ్గర బాగుపడి పోతాయి. నీ ఇంటి బండికేమో కళ్ళు తిరుగుతున్నాయి," అనేవాడు.

లోపమేమిటో తండ్రికి తెలియక కాదు. కొడుకు డిక్కీ నిండా పెద్ద స్పీకర్లు పెట్టించి, వాటికి తగ్గ యాంప్లిఫైయరు బిగించుకున్నాడు. దరువు పడగానే అది ఉన్న కరెంటంతా ఒక్క గుక్కలో తాగేసేది. ఇంజనుతో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే, కంపెనీవాళ్ళు ఇచ్చిన చిన్న ఆల్టర్నేటరు ఆ ఆకలి తీర్చలేక లైట్లకు కోత పెట్టేది. పెద్ద ఆల్టర్నేటరు వేయాలి, బ్యాటరీ మార్చాలి, సన్నటి వైర్లు తీసి బొటనవేలంత కేబుళ్ళు లాగాలి. కొడుకు సామానంతా కొని తెచ్చి షెడ్డు అటక మీద పెట్టాడు.

"నాన్నా, నువ్వే చెయ్యాలి. ఇంకొకళ్ళని బానెట్ ఎత్తనివ్వను," అన్నాడు.

తండ్రి సరేనన్నాడు. కానీ బయటివాళ్ళ పని ముందు. ఇంటివాడి పని ఎక్కడికి పోతుంది? అడిగినప్పుడల్లా, ఈ వారం కాదులేరా అనేవాడు. కొడుకు నవ్వి, లైట్లు మిణుకుమిణుకుమంటుండగా అలాగే ఇంటికి పోయేవాడు.

ఇంట్లో ఇంకో చిన్న తగువు ఉండేది. కొడుకు ఎప్పుడొచ్చినా కంచంలో అన్నం పొగలు కక్కుతూ ఉండేది. తండ్రికి చల్లారింది మిగిలేది. వాడు వచ్చేది నీకు ఎవరు కబురు పెడతారే అని అతను భార్యను దెప్పేవాడు. ఆమె నవ్వేదే గాని చెప్పేది కాదు.

ఒకరోజు కొడుక్కి జ్వరం వచ్చింది. పెద్దగా ఏమీ లేదమ్మా అంటూ తన కారులోనే, పాట పెట్టుకునే, ఆసుపత్రికి వెళ్ళాడు. కారు ఒక్కటే తిరిగి వచ్చింది.

నెలలు గడిచాయి. కారు షెడ్డు మూలన దుమ్ము కొట్టుకుపోయింది. ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు ఉప్పు ఉందా, తలుపు వేశావా అనేదాకా వచ్చి ఆగిపోయాయి. ఒక పొద్దున అతను చెప్పులు వేసుకుంటూ, ఈరోజు వాడి కారు పని పూర్తి చేస్తానన్నాడు.

ఆమె గుమ్మం దాకా వచ్చింది. అక్కడ నిలబడి అడిగింది.

"పాట వస్తుందా?"

"వస్తుంది. వాడు చివరిగా పెట్టుకున్నదే అందులో ఉంది."

"అయితే చీకటిపడ్డాక తీసుకురండి. లైట్లు వేసుకుని, వాడు వచ్చే మలుపు వైపు నుంచే."

ఎందుకని అతను అడగలేదు. ఆమె అన్ని మాటలు మాట్లాడి చాలా రోజులైంది.

ఆ రోజు షెడ్డుకొచ్చిన వాళ్ళందరినీ రేపు రమ్మన్నాడు. ముందు బ్యాటరీ నెగటివు తీశాడు. పాత ఆల్టర్నేటరు విప్పి గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, అటక మీది కొత్తదీ కొత్త బ్యాటరీ బిగించాడు. ఎర్తు పట్టే చోట బాడీ మీది రంగును తెల్లటి ఇనుము తేలేదాకా గీకాడు. కేబుళ్ళను ఎక్కడా ఒరుసుకోకుండా గొట్టంలోంచి లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు బిగించాడు. ఏ గిరాకీ బండికీ అంత ఓపిక పట్టలేదు. చివరికి పాట పెట్టి, శబ్దం పెంచుతూ పోయాడు. షెడ్డు రేకులు అదిరాయి. లైట్లు చెక్కు చెదరలేదు.

టైర్లాయన వచ్చి నిలబడ్డాడు. ఈసారి వేళాకోళం ఆడలేదు. "నిలకడగా ఉన్నాయిరా," అని మొహం పక్కకి తిప్పుకున్నాడు.

మునిచీకట్లో అతను కారును మలుపు తిప్పాడు. వెలుగు రోజూ పడే చోటే, వాళ్ళ వంటింటి కిటికీ మీద పడింది. ఇంటి ముందు ఆపి, భార్య పరుగున వస్తుందని చూశాడు. ఆమె రాలేదు. పాట ఆపకుండానే లోపలికి వెళ్ళాడు.

ఆమె వంటింట్లో కిటికీకి వీపు పెట్టి, పొయ్యి పైన గోడకేసి చూస్తూ నిలబడి ఉంది. ఒక చేతిలో ఖాళీ కంచం, ఒక చేతిలో గరిటె. గిన్నె మీది మూత తీయలేదు.

"వచ్చాను," అన్నాడు.

ఆమె ఉలిక్కిపడింది. "మీరా? పాట వినపడింది. గోడ కదల్లేదు. ఎవరిదో బండి అనుకున్నాను."

అతనికి అర్థం కాలేదు. ఆమె గరిటెతో గోడ చూపించింది. వాడు మలుపు తిరగ్గానే వెలుగు అక్కడ పడి కొట్టుకునేదనీ, అది చూసి అన్నం వడ్డించేదాన్ననీ మెల్లగా చెప్పింది. అలా కొట్టుకునే బండి ఈ వీధి మొత్తానికి వాడిదొక్కటేనంది. ఒక్కసారి చూద్దామని పొద్దున్నించీ కాచుకున్నానంది.

అతను గోడకు చేరగిలబడ్డాడు. "పాతది పారెయ్యలేదు. రేపే మళ్ళీ బిగించేస్తాను," అన్నాడు.

"వద్దు. వాడు అడిగింది ఇదేగా. ఇన్నాళ్ళకి చేసిపెట్టారు. ఉండనివ్వండి."

అతను బయటికి వెళ్ళాడు. కారును వెనక్కి, మలుపు దాకా తీసుకెళ్ళాడు. దరువు పడ్డప్పుడల్లా చేత్తో లైట్లు ఆర్పి వెలిగించడం మొదలుపెట్టాడు. చీకట్లో తడిమి తెగిన వైరు పట్టుకోగల వేళ్ళు అవి. వాటికి పాట అందలేదు. ఒకసారి దరువు కంటే ముందు, ఒకసారి దరువు దాటిపోయాక. గోడ మీద వెలుగు దారి తప్పినట్టు తడబడింది. అతను పళ్ళు బిగించి మళ్ళీ మళ్ళీ నొక్కాడు.

ఆమె ఎప్పుడొచ్చిందో, కారు అద్దం మీద వేలితో తట్టింది.

"చాలండి. వాడిలా మీకు రాదు."

అతను పాట ఆపేశాడు. లైట్లు ఆర్పడానికి మాత్రం చెయ్యి రాలేదు. దూరంగా కిటికీలోంచి వంటింటి గోడ కనబడుతోంది. దాని మీద వెలుగు, రెప్పయినా కొట్టకుండా, అలాగే నిలిచి ఉంది.