వంతెన కొట్టుకుపోయిన రోజు

మధ్యాహ్నం గిన్నెలు తోమి, చేతులు కొంగుకు తుడుచుకుని డైరీ ముందు కూర్చోవడం ఏడాదిగా నాకు వచ్చిపడ్డ కొత్త పని. మామయ్యగారు ఈ ఊళ్ళోనే కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. నలభై అయిదేళ్ళుగా ఒక్క రోజు మానకుండా ఇంటి డైరీ రాశారు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక ఆయన చెప్తారు, నేను రాస్తాను. "తడి చేత్తో ముట్టుకోకమ్మా, సిరా అలుక్కుపోతుంది" అంటారు. కూర్చుని రెండు ముక్కలు రాయడం కూడా ఒక పనేనా అంటారు మా వారు. వాన పడింది, కరెంటు పోయింది, ఆవు ఈనింది, పశువుల డాక్టరు భోజనానికి ఉన్నాడు. అన్నీ ఉంటాయి. ఆ భోజనం ఎవరు వండారో మాత్రం ఉండదు. పదిహేనేళ్ళ కాపురంలో నేనెక్కడున్నానా అని ఓసారి వెతుక్కున్నాను. "కోడలికి జ్వరం. హోటలు నుంచి కారియరు" అని ఒకచోట దొరికాను.

మొన్న మామయ్యగారు కునుకు తీస్తుండగా అత్తయ్య అటకమీది పాత డైరీ ఒకటి దులిపి తెచ్చింది. ఆమెకు చదువు రాదు. మా వారికంటే ముందు ఆమెకో ఆడపిల్ల పుట్టి పదకొండు రోజులు బతికిందని నాకు తెలుసు. అంతకుమించి ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

"ఈ ఎర్ర అట్ట నాకు గుర్తే. ఏటి మీద వంతెన పోయిన ఏడు ఇది. ఆ పిల్ల పోయిన రోజు ఏం రాశారో చదువు" అంది.

తేదీ ఆమెకు కంఠతా వచ్చు. తీశాను. "తెల్లవారుజామున వంతెన కొట్టుకుపోయింది. బస్సులు లేవు." అంతే. మర్నాడూ వంతెనే. ఆ మర్నాడూ వంతెనే. ఏదో ఒకటి కల్పించి చదువుదామని నోటిదాకా వచ్చింది. కానీ ఆమె నా మొహంకేసే చూస్తోంది. ఉన్నది ఉన్నట్టు చదివాను.

అత్తయ్య ఏడవలేదు. బస్సుంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళమంది. పిల్ల పదకొండు రోజులే ఉందని, కుడి చెవి వెనక పుట్టుమచ్చ ఉండేదని, తన వేలు పట్టుకుంటే వదిలేది కాదని, చీర చించి పొత్తిళ్ళు కుట్టానని చెప్పుకుంటూ పోయింది. నేను పాత డైరీ మూసి, ఈ రోజు పేజీ తెరిచి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆమె నోట ఇన్ని మాటలు వరసగా వినడం నాకదే మొదటిసారి.

మామయ్యగారు లేచి, రాసుకుందామా అన్నారు.

"ఇవాళ్టిది అత్తయ్య చెప్పారండీ" అని పేజీ ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని చదివారు. పదకొండు అన్నచోట ఎడమచేతి వేలు ఆన్చారు.

"పదకొండు కాదు, పన్నెండు" అన్నారు. "కాన్పయ్యాక మీ అత్తయ్యకు ఒక రోజంతా ఒళ్ళు తెలియలేదు. మెలకువ వచ్చిన దగ్గర్నుంచే తను లెక్కపెట్టుకుంది."

అత్తయ్య ఆయన ఎదురుగా పీట జరుపుకుని కూర్చుంది. "ఇన్నేళ్ళూ ఆ రోజు మీ ఒక్కరి దగ్గరే దాచుకున్నారా?"

వంతెన తప్ప ఇంకేదీ రాయడానికి తనకు చేతకాలేదని, ఆ మాట కూడా ఆమెతో అనలేకపోయానని ఆయన మెల్లిగా చెప్పారు.

"ఇప్పుడు చెప్పండి. నేను చూడని రోజు అదొక్కటే" అంది అత్తయ్య.

అప్పుడే మా వారు పనినుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే టీ అడిగారు. పదిహేనేళ్ళుగా ఆ మాట వింటే నా కాళ్ళు వాటంతటవే లేస్తాయి. ఆ రోజు లేవలేదు.

"నలుగురికీ పెట్టండి" అన్నాను, కలం కిందపెట్టకుండానే. "మీ అక్క గురించి రాస్తున్నాను."