ముసలి తీగ విన్న అడుగులు

నీళ్ళ ఆఫీసులో పొద్దున్నే చేసే మొదటి పని రేపటిని వినడం. ఆ పని ఆమెది. కుర్చీ దులుపుకుని కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తెర మీద గీతలు కదలడం మొదలయ్యాక గానీ ఫ్లాస్కు మూత తియ్యదు. తవ్వే పనివాళ్ళు ఆమెకి చెవులమ్మ అని పేరు పెట్టారు. ఎదురుగా మాత్రం మేడమ్ అంటారు.

వినేది తీగతో. ఫోన్ల కంపెనీ ఎప్పుడో రోడ్ల కింద పాతిన ఫైబర్ కేబుల్ అది. దాని ఆయుష్షు పాతికేళ్ళని కాగితాల్లో రాసుకున్నారు. పాతికేళ్ళూ నిండగానే పక్కన కొత్తది వేసుకున్నారు. పాతదాన్ని బయటికి తీస్తే వచ్చేదానికంటే తవ్వుడు ఖర్చే ఎక్కువని మట్టిలో వదిలేశారు. నీళ్ళ ఆఫీసు దాన్ని అడిగి పుచ్చుకుంది. ఒక కొసలోంచి వెలుగు పంపితే, దారిలో ఎక్కడ నేల అదిరినా ఆ వెలుగు వణుకుతూ వెనక్కి వస్తుంది. పైపు కారినా, లారీ వెళ్ళినా, మనిషి నడిచినా.

"గాజు ముసలిదవదమ్మా," అన్నాడు ఇంజనీరు, ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో. "దాన్ని చంపేవి రెండే. తడి, లాగుడు. ఆ రెండూ తగలకపోతే మనల్ని సాగనంపి మరీ బతుకుతుంది."

కొత్త కేబుళ్ళు ఇవాళ్టిని వింటాయి. ఇది ఒక రోజు ముందుకి వింటుంది. ముసలివాళ్ళు తెల్లారకముందే లేచి కూర్చోరూ, ఇదీ అంతే అని అందరూ సరిపెట్టుకున్నారు. రేపు పగలబోయే పైపుని ఇవాళే తవ్వి బాగుచేస్తారు. నిక్షేపంలాంటి రోడ్డుని తవ్విపోస్తున్నారని జనం తిడతారు. పని అయ్యాక ఆమె ఇంకోసారి వినాలి. రేపు నిమ్మళించిందో లేదో చూసుకోవాలి.

ఆ రోజు పగులు నాలుగు రోడ్ల మూల దగ్గర వినిపించింది. చెవులు దిబ్బడేసేంత హోరు. మేస్త్రీ మనుషుల్ని వేసుకుని వెళ్ళి, పైపు మార్పించి, గొయ్యి పూడ్చి, మూల మొదలుకుని బస్టాపు దాకా కంకర పోయించాడు. ఆమె మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

హోరు లేదు. దాని కింద అణిగి ఉన్నవన్నీ పైకి తేలాయి. మధ్యాహ్నం బస్సు. ఒక కుక్క. తర్వాత అడుగులు.

ఎడమ మడమ గట్టిగా, కుడిది తేలిగ్గా. చిన్నప్పుడు గోడ దూకి విరగ్గొట్టుకున్న కాలు సరిగ్గా అతుక్కోక, చెల్లెలు అప్పట్నుంచీ అలాగే నడుస్తుంది. ఈ అడుగుల్లో మామూలు కంటే బరువుంది. ఏదో మోస్తోంది. అదేమిటో ఆమెకి తెలుసు.

చెల్లెలు అంతకుముందు రెండుసార్లు చేతిసంచితో మొగుణ్ణి వదిలి వచ్చేసి, రెండుసార్లూ మర్నాటికల్లా వెళ్ళిపోయింది. రెండోసారి అక్కకి విసుగొచ్చింది. "ఈసారి వస్తే నీ కుట్టుమిషను పట్టుకుని రా. అది లేకుండా నా గడప తొక్కకు," అంది. మిషను కదిలితే మనిషి ఇక తిరిగి వెళ్ళదని ఆమె లెక్క.

అడుగులు మూల దాకా వచ్చి ఆగాయి. ఇనుము నేలకి ఆనిన చప్పుడు. ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలికి, మళ్ళీ మొదటి కాలికి. చాలాసేపు. తర్వాత ఇనుము లేచింది. అడుగులు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాయి.

"పిరికిది," అనుకుంది ఆమె. "ఇల్లు దాటి వచ్చి కూడా!"

కోపంతోనే గీతని వెనక్కి జరిపి మళ్ళీ వింది. ఈసారి ఆ చప్పుడులో ఏదో లోటు తగిలింది. చెప్పుల టపటప లేదు. ఒట్టి పాదాలు. అవి కంకర మీద ఒక అడుగు వేశాయి, రెండో అడుగు వేశాయి, చటుక్కున వెనక్కి వచ్చాయి. ఆగింది ఆ తర్వాతే.

కిందటిసారి ఓ పగటిపూట, మరిది ఏదో పని మీద ఇంటికొచ్చి ఉండగా, చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు గుమ్మంలో ఒక్కటే జత ఉంది. మగ చెప్పులు. ఆమె చూసింది కూడా. చూసి, దాని గురించి ఏమీ అనుకోలేదు.

మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది. "ఆ కంకర ఇవాళే ఎత్తించెయ్యగలరా?"

"భలేవారే మేడమ్. తవ్వమన్నదీ మీరే, పూడ్చమన్నదీ మీరే. రోలరు ఎల్లుండి గానీ రాదు."

"మధ్యలో మనిషి నడిచేంత దారైనా?"

"తీశాననుకోండి, లారీ ఒక్కటి వెళ్తే మళ్ళీ కమ్మేస్తుంది. ఎవరికి మేడమ్, మీవాళ్ళెవరికైనానా?"

ఆమె తన కుర్చీకి తిరిగి వచ్చింది. చెల్లెలికి ముందే చెబుదామంటే, ఫోన్ చేస్తే ఎత్తేది మరిదే. ఇంటికి వెళ్తే కుర్చీ వేసి, "రండి వదినగారూ" అని తనే కాఫీ కలిపి తెస్తాడు. చెల్లెలు పక్కన నవ్వుతూ నిలబడుతుంది. ఎన్నిసార్లు వెళ్ళినా అంతే.

మర్నాడు సెలవు పెట్టింది. చెప్పుల కొట్లో కొలత అడిగితే చెప్పలేకపోయింది. తోడబుట్టినదాని పాదం ఎంతో తెలీదు. తన కాలికంటే ఒక నంబరు తక్కువది ఇమ్మంది.

కంకర అవతల ఎండలో నిలబడింది. బస్సు వెళ్ళింది. కుక్క వెళ్ళింది. చెల్లెలు వచ్చింది. స్టాండు వదిలేసి, మిషను తలని మాత్రం దుప్పట్లో చుట్టి పొట్టకి ఆనించుకుని, పెదవి కరుచుకుని నడుస్తోంది. కంకర మీద రెండడుగులు వేసి వెనక్కి తగ్గి, మిషను కింద పెట్టింది. అప్పుడు ఆమె అటు నడిచి, చెప్పుల జత చెల్లెలి ముందు పడేసింది.

"వేసుకో."

చెల్లెలు చెప్పుల్ని చూసింది. అక్కని చూసింది. "ఎవరు చెప్పారు నీకు?"

"తీగ."

"పొద్దున్నే నావి స్కూటర్ డిక్కీలో పెట్టుకుని పోతాడు. కిందటిసారి నీ దగ్గర్నుంచి వెళ్ళినప్పట్నుంచీ అంతే. ఏడాదైంది."

"ఏడాదా! నోట్లో నాలుక లేదటే?"

"ఏమని చెప్పను? కొట్టాడా అంటావు. కొట్టలేదక్కా. సాయంత్రం వచ్చి తన చేత్తోనే గుమ్మంలో పెడతాడు. పద, అలా తిరిగొద్దాం అంటాడు."

ఆమె వంగి చెప్పుల్ని చెల్లెలి కాళ్ళ దగ్గరికి జరిపింది. నిన్న తను పిరికిది అనుకుంది ఈ మనిషినే.

"ఇంకేం చెప్పింది తీగ?" అంది చెల్లెలు.

అబద్ధం చెప్పొచ్చు, అయినా ఉన్నదే చెప్పింది. "ఇక్కణ్ణుంచి వెనక్కి వెళ్ళిపోయావని."

చెల్లెలు వచ్చిన దారి వైపు ఒకసారి తిరిగి చూసింది. చూసి, చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"వదులుగా ఉన్నాయే."

"వేళ్ళు బిగించి నడు. మిషను ఇటివ్వు."

"వద్దు. ఇంతదూరం మోశాను." దుప్పటి మూటని ఎత్తుకుని కంకర మీద అడుగేసింది. రాళ్ళు కరకరలాడాయి. ఇంకో అడుగేసింది. కొంత దూరం పోయాక, ఆయాసపడుతూ అడిగింది: "మరి రేపటి సంగతి విన్నావా?"

"లేదు. సెలవు పెట్టానుగా."

"మంచిపని చేశావు," అంది చెల్లెలు, మిషనుని రెండో పక్కకి మార్చుకుంటూ.