రవ్వ లెక్క

పొద్దున పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో పత్తితోపాటు రాయి ఒకటి మిషన్‌లో పడి, టప్పున రవ్వ లేచింది. ఎలక్ట్రీషియన్ యేసురత్నం కళ్ళారా చూశాడు. రవ్వ లేస్తే మిషన్‌లోంచి వచ్చిన దూది కుప్పను ఆరుబయట పలచగా పరిచి, సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండడం ఆ మిల్లు ఆనవాయితీ. మేనేజర్ దుర్గప్ప హడలిపోయి అదే చేద్దామన్నాడు. మన డిప్లొమా యేసురత్నం ఊరుకుంటేనా! రవ్వలో ఉండేది జౌలులో వెయ్యో వంతు శక్తేనట. కరెంటు మీటరులో ఒక్క యూనిట్ తిరగాలంటే అలాంటివి మూడువందల అరవై కోట్లు కావాలట. కోట్ల మాట వినేసరికి దుర్గప్ప సరేలెమ్మన్నాడు. కుప్ప షెడ్డులోనే ఉండిపోయింది.

ఆ తర్వాత బేరింగు కోసం యేసురత్నం ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు దొరికినా ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోయాడు. ఎందుకో మనసు పీకుతోంది. లెక్క తప్పిందేమోనని వేళ్ళ మీద మళ్ళీ వేసుకున్నాడు. సున్నాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. హమ్మయ్య అనుకోబోయాడు గానీ గుబులు వదల్లేదు.

ఎమ్మిగనూరు దగ్గరపడుతుండగా తట్టింది. రవ్వను కొలిచాడు సరే, అది పడినదాన్ని కొలిచాడా? కిలో దూది కాలితే దాదాపు ఐదు యూనిట్లు. కుప్ప రెండు టన్నులు. అంటే పదివేల యూనిట్లు! వాటిని లేపడానికి రవ్వ ఆ బరువంతా మోయక్కర్లేదు, అంటించి పోతే చాలు. దూదిలో నిప్పు పైకి కనబడకుండా గంటల తరబడి లోలోపలే తినుకుంటూ పోతుంది.

ఆ కుప్ప అంచునే కూలి ఆడవాళ్ళు పసిపిల్లలను పడుకోబెడతారు. అతని భార్య మేరి కూడా ఆ మిల్లులోనే కూలి. ఏడాది నిండని కొడుకును రోజూ చంకనేసుకుని వెళుతుంది.

యేసురత్నం ఫోన్ తీశాడు. మేరికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎలా ఎత్తుతుంది, ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టాలని రూలు తెచ్చిందే ఈ మహానుభావుడు! దుర్గప్పకు చేశాడు.

“పొద్దున నువ్వే ఏం గాదని సెప్తివి గదప్పా. మల్లా ఇప్పుడేమి కత?” అని నవ్వి, చూస్తాలే అని పెట్టేశాడు దుర్గప్ప.

బస్సు ఆపించి దిగాడు. బేరింగూ లేదు, గీరింగూ లేదు. ఎదురొచ్చిన ఆటోలో ఎక్కి, తోలేవాడి ప్రాణం తోడేశాడు. దారి ఎంతకీ తరగలేదు.

మిల్లులో మిషన్లు హోరెత్తుతున్నాయి. కుప్ప తెల్లగా, ఎప్పటిలాగే ఉంది. అంచున కొడుకు నోరు తెరిచి నిద్రపోతున్నాడు. యేసురత్నం వాణ్ణి లాగి భుజాన వేసుకున్నాడు. పిల్లాడు కెవ్వుమన్నాడు. పడుకున్న చోట చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. బిడ్డ ఒంటి వేడేమో అనుకుని చెయ్యి లోపలికి దూర్చాడు. ఇంకా వేడి. మోచేతి దాకా పోయేసరికి చురుక్కుమంది, చెయ్యి లాగేసుకున్నాడు. ఆ సందులోంచి సన్నగా పొగ లేచింది.

అందరూ బకెట్లతో పరుగెత్తారు. లోపల దూది నల్లగా మాడిపోయి ఉంది. మేరి పరుగున వచ్చి మొగుడి ముఖంలోకి చూసింది.

“పొద్దున గోడ కాడ గుడ్డ పరిసి పండుకోబెడితి. నువ్వు ఏం గాదంటివని దుర్గప్పన్న సెప్పినాకే ఈడికి తెస్తి.”

కొడుకును అతని చేతుల్లోంచి తీసుకుని గేటు వైపు నడిచింది.