వాక్యమ్మ కోడలు చదివిన రెండో వరుస

నాకు అక్షరాలు తల నెరిశాక వచ్చాయి. ఒత్తులూ గుడులూ ఎక్కడైనా జారిపోతే మీరే సర్దుకుని చదువుకోండి. రాతా నత్తనడకే, ఈ కాస్త కథకు పదకొండు రోజులు పట్టింది. మన్నించండి.

ఆ ఇంటి అత్తగారిని వీధంతా వాక్యమ్మ అనేవారు. ఏమడిగినా ఆవిడ నోట వాక్యమే. "బకెట్లో ఈ బట్టలు ఎవరు నానబెట్టారత్తయ్యా?" అని కోడలు అడిగితే, "నానబెట్టి మరచువాడు దుర్గంధమును కోయును" అనేది. ఎవరు నానబెట్టారో తేలేది కాదు కానీ ఉతకడం మాత్రం కోడలి మెడకు చుట్టుకునేది. "ఇవాళ పాలు ఎంత పొయ్యమంటారమ్మా?" అని పాలవాడు అడిగితే, "నిండిన పాత్ర పొంగుటకు భయపడును" అనేది. వాడు బుర్ర గోక్కుని సగం పోసి పోయేవాడు.

"అది ఎక్కడుందమ్మా?" అని కొడుకు అడిగితే, "బైబిల్లో, సామెతల్లో" అనేది. అంతటితో సరి.

కొడుకు వడ్రంగి. రంపం పట్టిన చెయ్యే గాని పుస్తకం పట్టిన చెయ్యి కాదు. ఇంట్లో చదువొచ్చిన మనిషి మామగారొక్కరే. ఆయన పోయాక పరిశుద్ధ గ్రంథం గుడ్డలో చుట్టుకుని అలమారా పైకెక్కింది. అప్పటినుంచి వాక్యమ్మ పలికిందే వాక్యం.

కోడలు లాండ్రీలో ఇస్త్రీ పని చేసేది. చీటీల మీద పేర్లు చదవలేక ఒకసారి ఒకరి చొక్కాలు ఇంకొకరి మూటలో కట్టి, అందరి ముందూ చీవాట్లు తింది. ఆ ఉక్రోషంతో నలభై దాటిన వయసులో మంగళ, శుక్రవారాలు సాయంత్రం బడికి వెళ్లడం మొదలుపెట్టింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే పుస్తకం కాబట్టి దాన్నే కిందికి దింపింది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ, సామెతల భాగం ముప్పై ఒక్క అధ్యాయాలూ నాలుగు నెలల్లో ముగించింది. అందులో బకెట్టూ లేదు, పొంగే పాత్రా లేదు. అత్తగారి వాక్యాల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు.

"ఎంత మాయ చేశావమ్మా!" అని పళ్లు కొరుక్కుంది కోడలు. ఇరవై రెండేళ్లుగా ఉతికిన బట్టలన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఈవేళ అటో ఇటో తేల్చెయ్యాలని విసురుగా ముందు గదిలోకి వెళ్లింది.

అక్కడ అత్తగారు కొడుకుతో అంటోంది: "ఒరే, మోకాళ్లు లాగేస్తున్నాయిరా. ఆ తైలం తెచ్చిపెట్టరా."

"చూద్దాంలే అమ్మా." నాలుగు రోజులుగా అదే జవాబు.

ఆవిడ గొంతు సవరించుకుని, "తల్లి మోకాలిని మరచువాడు కుంటుచు నడుచును" అంది.

కొడుకు గబుక్కున లేచి చెప్పులు వేసుకున్నాడు. కోడలు అడగబోయింది కాస్తా మింగేసి వెనక్కి వచ్చేసింది.

ఆ మంగళవారం బడి ఆలస్యమైంది. కోడలు ఆ గ్రంథమే చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంది, మొగుడు వేడిగా ఉన్నాడు.

"ముసలితనంలో మురిపెమంటే ఇదే! ఈ చదువుతో ఏం ఊళ్లేలతావా? మానెయ్."

"నేను మానను."

"అమ్మా, నువ్వు చెప్పు."

వాక్యమ్మ కోడలి చంకలోని పుస్తకం వంక బెరుగ్గా చూసింది. "దీపము వెలిగించు వేళ స్త్రీ గడప దాటకూడదు" అంది.

"విన్నావా? పుస్తకం నీ దగ్గరే ఉందిగా, నువ్వే చదువు. ఆ మాట ఉంటే రేపట్నుంచి బడి లేదు. లేకపోతే నీ ఇష్టం, నేనడ్డు రాను."

వాక్యమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలోని కొంగు చివర నలుపుతూ కూర్చుంది.

లేదని ఒక్క మాటంటే చాలు, బడి దక్కుతుంది. కానీ రేపట్నుంచి ఆ ముసలావిడకు తైలం తెచ్చేదెవరు? మోకాళ్ల మాట వినేదెవరు?

కోడలు నిదానంగా పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టింది. "దీపము... వెలిగించు వేళ... స్త్రీ గడప దాటకూడదు" అని కూడబలుక్కుంది.

"చూశావా మరి!"

"ఆగండి, కింద ఇంకో వరుసుంది. 'అక్షరముల కొరకు దాటిన యెడల దోషము లేదు. ఆ దినమున అత్త వంట చేయును, కుమారుడు పాత్రలు తోమును.'"

"పాత్రలా! ఇదెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

వాక్యమ్మ కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ వరుస లేదంటే పై వరుసా పోతుంది.

"ఆమేన్" అంది చివరికి. "అది వచ్చినప్పుడల్లా మీ నాన్న పేజీ తిప్పేసేవాడురా."

శుక్రవారం కోడలు బడి నుంచి వచ్చేసరికి పెరట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. పొయ్యి మీద కూర ఉడుకుతోంది.

"ఉప్పు వేశారా అత్తయ్యా?"

"ఉప్పును వెదకువాడు..." అని ఎత్తుకుని, చుట్టూ చూసి, ఇద్దరే ఉన్నారని గొంతు తగ్గించింది. "వేశానే. సరిపోయిందో లేదో చూడు."

"నా తువ్వాలెక్కడే?" అని పెరట్లోంచి కేక.

అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. కోడలు గొంతు సవరించుకుంది.

"తన తువ్వాలును తాను వెదకువాడు ధన్యుడు!"

ఆయన వెదుక్కోవడానికి బయల్దేరాడు.

— ఇస్త్రీ పెద్దమ్మ, డెబ్బై ఒక్కేళ్లు. ఇప్పుడుంటున్నది కొడుకింట్లో, వీధి వైపు గదిలో. వంట కోడలిది; మంగళ, శుక్రవారాలు నాది.