యాసిడ్ ముగ్గు

నేను ఒక కత్తిని. ఈ మాట ఇంత సూటిగా చెప్పుకునే అవకాశం నాకు చాలాకాలం రాలేదు. నన్ను కొన్నవాళ్లు నన్ను వారసత్వం అన్నారు, అపురూపం అన్నారు, నిజాం కాలపు ఉక్కు అన్నారు. ఒక్కరూ నాతో ఒక ఉల్లిగడ్డ కోయలేదు. పుట్టిన పని చేయకుండా అలమారలో పడుంటే ఎవరికైనా ఒళ్లు తిమ్మిరెక్కుతుంది. మీకైనా అంతే.

నా పుట్టుక సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత గొడవ ఉండదు. నేను లారీ కమాను పట్టీని. ఏళ్ల తరబడి సిమెంటు బస్తాల బరువు మోసి మోసి ఒకరోజు రోడ్డు మీది గుంతలో విరిగాను. సూర్యాపేట దగ్గర హైవే పక్కన కొలిమి పెట్టుకున్న సోమాచారి నన్ను తుక్కులోంచి ఏరుకున్నాడు. ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నూనెలో ముంచి గట్టిపరిచి, తుమ్మకర్ర పిడి వేశాడు. బొటనవేలితో అంచు చూసి, "ముసలమ్మ చేతిల బడ్డా పనిజేస్తది" అన్నాడు. అంతకన్నా మంచి మాట నా గురించి ఆ తర్వాత ఎవరూ అనలేదు.

నన్ను కొన్నది నల్లకళ్లద్దాల మనిషి ఒకడు. హైదరాబాదులో పాత వస్తువుల వ్యాపారం అతనిది. సోమాచారి నన్ను అతని చేతికివ్వలేదు, కింద నేల మీద పెట్టాడు. మన దగ్గర కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వరు కదా, ఇస్తే ఇద్దరికీ కొట్లాట వస్తుందని. ఇచ్చేవాడు కింద పెట్టాలి, తీసుకునేవాడు ఎత్తుకోవాలి. ఆ రెండింటికీ మధ్య కాసేపు నేను ఎవరిదాన్నీ కాను. ఆ కాసేపూ నాకు గుబులుగా ఉంటుంది.

నల్లకళ్లద్దాలవాడు నా ఒంటికి మైనం పూసి, మీద వంకర టింకర గీతలు గీసి, యాసిడ్‌లో ముంచాడు. బయటికి తీసేసరికి ఒళ్లంతా నీటి అలల్లాంటి చారలు. తుమ్మకర్ర పిడి ఊడగొట్టి, జింక కొమ్ములా కనిపించే ప్లాస్టిక్ పిడి తొడిగాడు. చివరికి ఒక కథ కూడా తొడిగాడు. నిజామాబాదు వైపు కోనసముద్రం అనే ఊళ్లో ఒకప్పుడు పేరుమోసిన ఉక్కు తీసేవారు, దూరదేశాలవాళ్లు కత్తుల కోసం ఆ ఉక్కు కొనుక్కుపోయేవారు. ఊరి సంగతి నిజమే. ఆ ఊరికీ నాకూ మాత్రం ఏ చుట్టరికమూ లేదు.

ఆ కథను నోరు తెరుచుకుని విన్నవాడు దామోదర్. హనుమకొండ పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పే లెక్చరరు. గీతల్లో తప్పులు పట్టడమే ఆయన ఉద్యోగం. నా ఒంటి మీది గీతల్ని భూతద్దం పెట్టి మరీ చూసి, మురిసిపోయి ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆయన అద్దాల అలమారలో ఇరవై దాకా కత్తులుండేవి. నా పక్కన ఒక జపాను కత్తి, కాగితమంత పలచన, మహా గర్వం. అంతకు ముందు ఏడాది దామోదర్ భార్య హైమావతి ఊరగాయ తొక్కు పెట్టుకుందామని దానితో మామిడికాయ కొట్టిందట. తొక్కుకు కాయను టెంకతో సహా ముక్కలు చేయాలి కదా. మొదటి కాయకే టెంక తగిలి అంచు ముక్కలు ముక్కలుగా ఊడింది. దామోదర్ వారం రోజులు మాట్లాడలేదు. అప్పటి నుంచీ అలమారకు తాళం. తాళంలోపల మేము రెండేళ్లు ఒకరి మొహాలొకరం చూసుకుంటూ గడిపాం. నాకైతే విసుగుతో పిచ్చెక్కేది.

ఒక ఆదివారం దామోదర్ నన్ను హైదరాబాదులో కత్తుల పిచ్చివాళ్ల కలయికకు తీసుకుపోయాడు. ఒక పెద్దాయన నన్ను తిప్పి చూసి, పిడి దగ్గర కాస్త సున్నపు పొడి వేసి గుడ్డతో రుద్దాడు. గోరంత మేర గీతలు మాయమయ్యాయి. "ఇది యాసిడ్‌తో వేసిన ముగ్గు సార్. లారీ కమాను పట్టీ. స్టీలు మాత్రం గట్టిది, ఇంట్లో వాడుకోండి" అన్నాడు నెమ్మదిగా. దామోదర్ మొహం పాలిపోయింది. ఆయన్ని ఓదార్చడానికి తలా ఒక కథ విప్పారు. ఒకాయన దంతపు పిడి అని కొన్నది ఎండకు మెత్తబడిందట. ఒకాయన కత్తి బరువుకు మణికట్టు పట్టేసిందట. ఇంకొకాయన గీత పడుతుందని ఆరేళ్లుగా డబ్బాలోంచే తీయలేదట. మరి వాటిని ఏం చేశారని దామోదర్ అడిగాడు. అందరూ నవ్వారు. ఇంకొకరికి అంటగట్టామని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు, నవ్వుతోనే చెప్పారు.

ఇంటికొచ్చాక ఆ మనిషికి కుదురు లేదు. నన్ను తీస్తాడు, తుడుస్తాడు, పెడతాడు. ఫోనులో నన్ను అమ్ముతానని ప్రకటన రాస్తాడు, చెరిపేస్తాడు. తింటూ తింటూ లేచొచ్చి అలమార దగ్గర నిలబడతాడు. మూడో రోజు నల్లకళ్లద్దాలవాడి కథనే ఒక్క అక్షరం మారకుండా రాసి పెట్టేశాడు. గంటలోపే ఫోను మోగింది.

అవతల ఉన్నది లింబాద్రి అని, ఆర్మూరు వైపు పసుపు పండించే రైతు. "సార్, మా పెద్దలు కోనసముద్రంలనే ఉక్కు దీసెటోళ్లు. ఇంట్ల ఆనవాలుకు ఒక్క ముక్క గూడ లేదు. మా నాయినకు సూపు పోతున్నది. మొత్తం పోకముందే గా కత్తి ఆయనకు సూపియ్యాలె" అన్నాడు. దామోదర్ ఫోను పట్టుకునే అలమార దాకా వచ్చి నన్ను చూశాడు. చివరికి ఆదివారం రమ్మన్నాడు. నాకు ఒళ్లంతా సిగ్గేసింది. కమాను పట్టీగా ఎంత బరువు మోసినా ఇంత బరువు మోయలేదు.

ఆదివారం పొద్దున నాకు నూనె రాసి, ఎర్రగుడ్డలో చుట్టి, హాల్లో టీపాయి మీద పెట్టి, లింబాద్రిని తీసుకురావడానికి బస్టాండుకు వెళ్లాడు. తాళంలోనో ఆయన చేతిలోనో కాకుండా నేను హైమావతి కంటబడటం అదే మొదలు. ఆ ఇంట్లో ఆవేళే తొక్కు పెడుతున్నారు. కత్తిపీట పీట నుంచి ఊడి కూర్చుంది. బజారులో కొట్టించడం ఆమెకు నచ్చదు, వాళ్లు కాయలు తుడవరని. గుడ్డ విప్పి నన్ను ఎగాదిగా చూసింది.

"నూరేండ్లది అన్నరు గదా. నూరేండ్లల్ల ఒక్క కాయ కొట్టకుంట ఉంటదా" అని తనలో తాను అనుకుని నన్ను వంటింట్లోకి తీసుకుపోయింది.

ఆ గంట గురించి ఏం చెప్పను. మొదటి కాయ మీద దెబ్బ పడగానే టెంక రెండుగా చీలింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సోమాచారి సుత్తి నాలో మళ్లీ మోగింది. రెండు, మూడు, పది, ఇరవై కాయలు. పులుపు ఒళ్లంతా పట్టి చురచురమంటోంది, అయినా ఇంకా కావాలనిపించింది. ఆమె మధ్యలో ఆగి అంచు చూసుకుని, ఒక్క ముక్క ఊడలేదని తల ఊపింది.

ఇంకా ఐదు కాయలుండగా దామోదర్ ఫోను చేశాడు, పది నిమిషాల్లో వస్తున్నామని. ఆమె కంగారుగా నన్ను చింతపండు పెట్టి, స్టీలు పీచుతో బరబరా తోమి, తుడిచి, ఎర్రగుడ్డలో చుట్టి టీపాయి మీద పెట్టేసింది. ఆ తోముడుకు యాసిడ్ ముగ్గు మొత్తం కడుక్కుపోయింది. పిడి ఒక్కటి తప్ప, నేను సూర్యాపేటలో ఎలా ఉన్నానో అలా ఉన్నాను.

లింబాద్రి కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, కుర్చీ ఇచ్చినా అంచునే కూర్చున్నాడు. దామోదర్ గుడ్డ విప్పాడు. బోడి ఒంటితో నన్ను చూసి ఆయన చేతులు ఆగిపోయాయి. వంటింటి నుంచి మామిడికాయ వాసన వచ్చింది. ఏం జరిగిందో ఆయనకు అర్థమైంది. నన్ను మెల్లగా టీపాయి మీద, లింబాద్రి ముందు పెట్టాడు.

అబద్ధం చెప్పే పని కూడా దామోదర్‌కు పడలేదు. లింబాద్రే చెప్పేశాడు. "చారలుంటయన్నరు గని సార్, నూరేండ్లంటే అరిగిపోవా? మా నాయినకు ఎట్లాగూ చారలు కనవడయి. చేతితోని తడిమితే సాలు." రెండు చేతులూ తుడుచుకుని, నన్ను కళ్లకద్దుకోవడానికి ముందుకు చాచాడు.

నేను ఎవరిదాన్నీ కాని ఆ కాసేపు అంత పొడుగ్గా ఎప్పుడూ లేదు. వద్దు, వద్దు అని మొత్తుకున్నాను. కత్తి మొర ఎవరికి వినబడుతుంది? లింబాద్రి వేళ్లు ఇంకా జానెడు దూరంలో ఉన్నాయి. పెట్టిన చెయ్యే వచ్చి నన్ను ఎత్తుకుంది.

"ఇది మీ ఊరి ఉక్కు కాదు. లారీ కమాను పట్టీ. నన్నొకడు మోసం చేసిండు. నేను మిమ్మల్ని చేద్దామనుకున్న" అన్నాడు దామోదర్.

లింబాద్రి చాచిన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. కోపం చేయలేదు. కాసేపు నన్నే చూసి, "మంచిగనే ఉన్నది గదా. కొట్టినోడు ఎవరు?" అన్నాడు.

దామోదర్ తెల్వదన్నాడు. ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఉక్కు ఏ ఊరిదని అడిగారు, ఏ కాలంనాటిదని అడిగారు, కొట్టిన మనిషిని ఎవరూ అడగలేదు. సోమాచారి, సూర్యాపేట సోమాచారి అని చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది.

అంతలో హైమావతి గుమ్మం దగ్గరికొచ్చి, ఇంకా ఐదు కాయలున్నాయంటూ చెయ్యి చాచింది. దామోదర్ కింద పెట్టడం మరిచిపోయాడు. నన్ను నేరుగా ఆమె చేతికిచ్చేశాడు. లింబాద్రి అన్నం తిని, కొత్త తొక్కు ఒక సీసా తీసుకుని, సాయంత్రం బస్సుకు వెళ్లాడు. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరికీ కొట్లాట కాలేదు.